అవ్వ మాటల సైటు ఆగిపోయినప్పుడు

ఆఫీసులో మధ్యాహ్నం క్యారియర్ తెరిచి అన్నం కలుపుతుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు. తిరుపతిలో ఒక ఆడిటరు దగ్గర పనిచేసేదాన్ని కాబట్టి తెలియని నంబర్లు తీయకపోతే కుదరదు. ఎడమ చేత్తో తీశాను.

"అక్కా, మీ సైటు తెరుసుకోలేదు. పొద్దన్నించీ సూస్తా ఉండాను," అంది ఒక ఆడపిల్ల గొంతు.

పన్ను కట్టే సైటు గురించి అనుకున్నాను. ఆ రోజుల్లో అందరూ దాని గురించే ఫోన్ చేసేవాళ్ళు. "రద్దీగా ఉన్నట్టుందమ్మా, సాయంత్రం ప్రయత్నించండి," అన్నాను.

"అది కాదక్కా. అవ్వ మాటల సైటు."

కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆ సైటు నాదే. డిగ్రీ అయ్యాక ఉద్యోగం లేకుండా ఉన్నప్పుడు తిరుపతిలో ఒక కోచింగ్ సెంటర్లో వెబ్‌సైట్లు చేయడం నేర్చుకున్నాను. చివర్లో తలా ఒక సైటు చేసి చూపించాలన్నారు. అందరూ హోటళ్ళకూ బట్టల అంగళ్ళకూ చేశారు. నాకు ఏ అంగడీ తోచలేదు. మా అవ్వ మాటలు పెట్టాను. అవ్వది పలమనేరు అవతల చిన్న పల్లె. ఆమె చెత్తను కసువు అనేది, చీపురును పొరక అనేది, గేదెను ఎనుము అనేది. హాస్టల్లో నేను ఆ మాటలు వాడితే కోస్తా నుంచి వచ్చిన పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. ఆ నవ్వు మీద కోపంతోనే మొదలుపెట్టానేమో. మాట, దాని అర్థం, కింద అవ్వ నోటి నుంచి వచ్చిన ఒక వాక్యం. పల్లెకు పోయినప్పుడల్లా నాలుగు మాటలు పట్టుకొచ్చి చేర్చేదాన్ని. అవ్వ పోయాక చేర్చడానికి ఏమీ లేకపోయింది. ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. సైటు పేరు మాత్రం ఏటేటా దానంతట అదే కొనసాగుతూ వచ్చింది. దాన్ని ఎవరైనా చూస్తారని నేనెప్పుడూ అనుకోలేదు. అడుగున 'తప్పులుంటే చెప్పండి' అని నా నంబరు పెట్టాను గానీ, ఒక్కరూ చేయలేదు.

"నీకు ఈ నంబరు ఎలా దొరికింది?" అని అడిగాను.

"ఎప్పుడో ఫోన్లో పెట్టుకున్నానక్కా. మాట్లాడాలంటే సిగ్గు. ఈ పొద్దు తప్పలేదు. మాయత్త నన్ను తిట్టిందో లేదో తెలవల్ల."

అప్పుడు పట్టించుకున్నాను ఆ గొంతును. మాటలు మా అవ్వవి. పలుకు మాత్రం మనది కాదు. ఎక్కడ సాగదీయాలో అక్కడ కుదిస్తోంది, కుదించాల్సిన చోట పాడుతున్నట్టు సాగదీస్తోంది.

"ఏమంది మీ అత్త?"

"దండిగా తినమనింది. మా ఒడిశాలో దండ అంటే శిక్ష. పొద్దన్నుంచీ నేనేం తప్పు చేసినానా అని దిగులుగా ఉండాది."

నవ్వు ఆపుకున్నాను. "దండిగా అంటే నిండా అని. కడుపు నిండా తినమని. మంచి మాటేనమ్మా."

"అట్లనా," అంది. ఆ తర్వాత ఎవరికో హిందీలో ఏదో చెప్పి గట్టిగా నవ్వింది.

ఆరోజు అన్నం చల్లారిపోయేదాకా మాట్లాడుకున్నాం. ఆ అమ్మాయిది ఒడిశా. పని కోసం శ్రీ సిటీకి వచ్చి ఒక ఫ్యాక్టరీలో చేరింది. అక్కడే పరిచయమైన అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. అతనిది కార్వేటినగరం దగ్గర పల్లె. బిడ్డ పుట్టాక ఉద్యోగం మానేసి అత్తతో ఉంటోంది. మొగుడు కంపెనీ బస్సులో పోయి వస్తాడు. మొగుడితో హిందీ సరిపోతుంది. అత్తకు ఈ పక్క తెలుగు తప్ప ఇంకోటి రాదు. బజారులో కొన్న 'తెలుగు నేర్చుకోండి' పుస్తకంలో అత్త మాట్లాడే మాట ఒక్కటీ దొరకలేదట. ఒకరోజు ఫోన్లో 'పొరక అంటే ఏమి' అని వెతికితే మా అవ్వ వచ్చింది.

అంటే, నేను మరిచిపోయిన సైటును పట్టుకుని, నేనెప్పుడూ చూడని ఒక పిల్ల తెలుగు నేర్చుకుంది. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాక నాకు లెక్కల మీద మనసు నిలవలేదు. సైటు ఎందుకు ఆగిపోయింది? అంతకన్నా, ఇన్నేళ్ళూ ఎందుకు ఆగిపోలేదు?

ముందు పేరు చూశాను. పేరు ఇంకా నా పేరు మీదే ఉంది. తర్వాత ఆ సైటును తన కంప్యూటర్లో ఉంచుకునే కంపెనీ కోసం వెతికాను. ఆ కంపెనీ లేదు. దాన్ని ఇంకో కంపెనీ కలిపేసుకుంది. వాళ్ళకు ఫోన్ చేస్తే సంగీతం వినిపించి, వినిపించి, చివరికి ఒక అబ్బాయి మాట్లాడాడు.

"మీ సైటు బాగానే ఉంది మేడమ్. పాత మెషీన్ల నుంచి అందరినీ కొత్త వాటికి మార్చాం. మీరు మాత్రం కొత్త అడ్రస్ పెట్టుకోలేదు. పాత మెషీన్ నిన్న తీసేశారు. అందుకే కనిపించడం లేదు."

"నాకెవరూ చెప్పలేదే."

"మెయిల్స్ పంపించాం మేడమ్."

పంపే ఉంటారు. నేను ఇచ్చిన మెయిల్ ఆ కోచింగ్ సెంటర్ వాళ్ళు ఇచ్చింది. కోచింగ్ సెంటర్ ఉన్న చోట ఇప్పుడు కళ్ళజోళ్ళ అంగడి ఉంది.

సంగతి అర్థమైంది. ఇల్లు మారాం, కానీ ఊళ్ళోవాళ్ళకు పాత ఇంటి గుర్తులే తెలుసు. వచ్చినవాళ్ళందరూ పాత ఇంటి తలుపు కొట్టి వెనక్కి పోతున్నారు. ఆ అబ్బాయి కొత్త అడ్రస్ అంకెలు చెబితే, పేరు నమోదు చేసిన చోట పాత అంకెలు తీసి అవి పెట్టాను.

"వెంటనే వస్తుందా?"

"చెప్పలేం మేడమ్. కొన్ని చోట్ల వెంటనే, కొన్ని చోట్ల రేపు. ఒక్కో నెట్‌వర్క్ ఒక్కో టైంలో తెలుసుకుంటుంది."

ఇది నాకు భలే వింతగా అనిపించింది. ఒకే సైటు. ఒక ఊళ్ళో బతికి ఉంటుంది, పక్క ఊళ్ళో చచ్చిపోయి ఉంటుంది. మరునాడు పొద్దున ఆఫీసులో చూస్తే ఇంకా రాలేదు. అదే సమయానికి ఆ పిల్ల ఫోన్ చేసింది.

"వచ్చిందక్కా! కానీ అంతా కొక్కేలే."

"కొక్కేలేంది?"

"కొక్కేలు. వరసగా యాలాడతా ఉండాయి. ఒడియా కాదు, తెలుగు కాదు."

నాకు కనిపించనిది ఆమెకు కనిపిస్తోంది. ఫోటో తీసి పంపమన్నాను. చూస్తే నా అవ్వ మాటలున్న చోటల్లా ప్రశ్న గుర్తులు. వరుసలు వరుసలుగా. నిజంగానే చొక్కాలు తగిలించుకునే కొక్కేల్లా ఉన్నాయి.

మళ్ళీ ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. "మార్చేటప్పుడు తెలుగు అక్షరాలు కొత్త మెషీన్‌కు అర్థమైనట్టు లేవు మేడమ్. అర్థంకాని ప్రతి గుర్తుకూ ఒక క్వశ్చన్ మార్క్ పెట్టేసింది. మీ దగ్గర కాపీ ఉంటే మళ్ళీ ఎక్కించండి."

"మీ దగ్గర పాతది లేదా?"

"పాత మెషీన్ పోయింది కదా మేడమ్." ఆ అబ్బాయి గొంతులో నిజంగానే బాధ ఉంది. "ఏం సైటు మేడమ్ అది?" అని అడిగాడు. చెప్పాను. తనది కర్నూలు పక్కనని, వాళ్ళ అమ్మమ్మ కూడా ఎనుమే అంటుందని చెప్పాడు. దానివల్ల నా పని జరగలేదు గానీ మనసు కాస్త తేలికపడింది.

ఇంటికి పోయి అల్మారా అంతా తవ్వితే ఒక పాత పెన్ డ్రైవ్ దొరికింది. అందులో కోచింగ్ సెంటర్లో చూపించిన మొదటి కాపీ ఉంది. సగం మాటలు. తర్వాత అవ్వ దగ్గరికి పోయి వచ్చినప్పుడల్లా నేరుగా సైటులోకే ఎక్కించిన మిగతా సగం లేదు. పాత పేజీలను భద్రపరిచే చోట్ల కూడా వెతికాను. ఇంత చిన్న సైటును ఎవరు భద్రపరుస్తారు? మొదటి పేజీ ఒక్కటే దొరికింది, నమస్కారం చెబుతూ.

ఉన్న సగాన్నీ, కొక్కేలనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. అప్పుడు రెండు సంగతులు తెలిశాయి. మాటల అకారాది వరుస చెడలేదు. 'కడగొట్టోడు', 'కసువు' నా దగ్గరున్నాయి, వాటి నడుమ ఒక మాట పోయింది. పోయిన మాట క తోనే మొదలవుతుంది, డ కూ స కూ మధ్య అక్షరమేదో దాని తర్వాత ఉంటుంది. రెండోది, కొక్కేలను లెక్కపెట్టవచ్చు. అక్షరానికొకటి, గుణింతపు గుర్తుకొకటి, ఒత్తుకు ముందుండే పొల్లుకొకటి. 'పొరక'కు నాలుగు. అంటే పోయిన ప్రతి మాటా తన కొలత వదిలిపెట్టి పోయింది. అవ్వ వాక్యాల్లో అక్షరాలన్నీ పోయినా, నడుమ ఖాళీలూ కామాలూ ఆశ్చర్యార్థకాలూ ఉన్న చోటనే ఉన్నాయి.

నాకు బాధ కన్నా కుతూహలమే ఎక్కువైంది. బస్సులో పోతూ, వంట చేస్తూ, కొక్కేల్లోకి మాటలు తగిలించి చూసేదాన్ని.

చిత్తూరులో తమ్ముడి దగ్గరున్న నాయనకు ఫోన్ చేశాను. అవ్వ కొడుకు కదా, ఆయనకు రాకుండా ఉంటాయా అనుకున్నాను.

"క తో మొదలయ్యేది, కడగొట్టోడు తర్వాత. అవ్వ ఏమనేది నాయనా?"

చాలాసేపు ఆలోచించాడు. "అడిగితే యాడొస్తాయి పాపా? అవి అడక్కుండా రావల్ల," అన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు మాత్రం, "బిన్నా పండుకో, మళ్ళ పొద్దన్నే యాష్టగా ఉంటాది," అన్నాడు. యాష్ట! య పేజీలో ఒక కొక్కేల వరస నిండింది. ఆ సంగతి చెబితే నాయన, "నేనేం చెప్పినాను?" అన్నాడు.

ఆ పిల్లకు ఈ సంగతి చెప్పాను. ఆమె అప్పటికే ఫోన్లో గుర్తున్న మాటలు కొన్ని చెప్పింది. "మీరే ఈడికి రాండక్కా," అంది. "మాయత్త అడక్కుండానే చెప్తా ఉంటాది. నోరు మూయదు." అత్త పక్కనే ఉన్నట్టుంది, ఎవరో నెత్తి మీద మొట్టిన సద్దు వినిపించింది.

ఆదివారం పొద్దున పుత్తూరు మీదుగా కార్వేటినగరం బస్సెక్కాను. అక్కడ దిగి ఆటో పట్టుకుంటే, పాత ప్యాలెస్ గోడల పక్కనుంచి పోయి పల్లె మొదట్లో దింపాడు. ఆ పిల్ల చంకలో బిడ్డతో ఎదురొచ్చింది. ఫోన్లో గొంతును బట్టి పొడుగ్గా ఉంటుందనుకున్నాను. నా భుజం దాకా ఉంది. బొట్టు, జడ, చీర కొంగు దోపుకున్న తీరు అన్నీ ఈ పల్లెవే. నోరు తెరిస్తేనే ఒడిశా.

వాళ్ళత్త వసారాలో కాళ్ళు చాపుకుని శెనిక్కాయలు ఒలుస్తోంది. నన్ను పైకీ కిందికీ చూసింది.

"మాటలు పోగొట్టుకున్నదానివి నువ్వేనా?"

"అవును పెద్దమ్మా. కంప్యూటర్లో పోయినాయి."

"మాటలు పోవడమేంది? అవి ఉండేది నోట్లో కదా." చేటలోంచి గుప్పెడు గింజలు నా చేతిలో పోసింది. "తిను. దూరం నించి వచ్చినావు."

నేను నా కొక్కేల కాగితం తీసి, కడగొట్టోడి తర్వాత, కసువుకు ముందు అని మొదలుపెట్టాను. పెద్దామె విసుక్కుంది. "నేను బళ్ళోకి పోలేదు పాపా. ముందరేదో ఎనకేదో నాకేం తెలుసు?" ఆ పిల్ల నా చెయ్యి మెల్లగా గిల్లింది. అడగొద్దని. కాగితం మడిచి పక్కన పెట్టుకుని నేనూ కాయలు ఒలవడం మొదలుపెట్టాను.

వాళ్ళ ఎకరం గురించి, కోడలు మొదట్లో సంగటి మింగలేక ఏడ్చిన సంగతి గురించి, ఎదురింటివాళ్ళ గురించి చెబుతూ పోయింది. ఉన్నట్టుండి లేచి నిలబడి కేక పెట్టింది.

"మే! ఆయమ్మ ఎనుములు మన కయ్యలో పడినాయి సూడు! తోలు, తోలు!"

ఆ పిల్ల బిడ్డను నా ఒళ్ళో పడేసి వాకిట్లోకి పరిగెత్తింది. సగం దూరం పోయి వెనక్కి తిరిగి, "అక్కా! కయ్య! కయ్య!" అని అరిచింది. ఎనుముల గురించి కాదు, నా గురించి. క, య, పొల్లు, ఇంకో య. నాలుగు కొక్కేలు. సరిగ్గా కడగొట్టోడికీ కసువుకూ నడుమ కూర్చుంది.

రొప్పుతూ తిరిగొచ్చి చెప్పింది, "మొదట్లో మాయత్త కయ్యలోకి పోతా ఉండానంటే, ఎవరితోనో కయ్యానికి పోతా ఉండాదనుకొని వద్దు వద్దని చెయ్యి పట్టుకున్నానక్కా. పుస్తకంలో అదే ఉన్నింది."

"నాలుగు దినాలు నన్ను మడిలో దిగనీలేదు ఈ పాప," అంది పెద్దామె, నవ్వు దాచుకుంటూ.

సాయంత్రం దాకా ఇట్లాగే నడిచింది. ఆమె మాట్లాడుతుంది, కోడలు చెవి పెట్టి పట్టుకుంటుంది, నేను కొక్కేలు లెక్కపెడతాను. అన్నీ కుదరలేదు. కొన్ని మాటలు అవ్వవి కావు, కొత్తవి. వాటిని వేరే రాసుకున్నాను. యాష్ట దగ్గర చిన్న తగాదా కూడా అయింది. మా అవ్వకు యాష్ట అంటే అలసట. పెద్దామె ఒప్పుకోలేదు. "ఒళ్ళు అలిసేది వేరే. మనసుకు ఇసుగొస్తే యాష్ట," అంది. "మీ అవ్వ పలమనేరామె. ఆ సలిలో వాళ్ళకు అలుపెట్ల తెలుస్తాది?" రెండూ రాసుకున్నాను.

కాఫీ తాగుతుండగా ఆ పిల్ల, "వాక్యాలు కూడా పోయినాయా అక్కా?" అంది. ఆ సంగతి అడగాలని నాకు తోచనేలేదు. మాటలు దొరుకుతాయి, అవ్వ చెప్పిన వాక్యాలు అవ్వతోనే పోయాయనుకున్నాను. 

"మబ్బు కాడ ఒకటి ఉన్నింది. నాకు నిండా ఇష్టం. మాయత్త మబ్బుతో లెయ్యమంటే నేను వానొస్తాదని ఆకాశం సూసేదాన్ని. తెల్లారకముందు సీకటిని మబ్బంటారని మీ సైటులోనే తెలిసింది." బిడ్డను భుజం మీదికి మార్చుకుని, బళ్ళో పద్యం చెప్పే పిల్లలాగా నిటారుగా కూర్చుని చెప్పింది:

"మబ్బుతో లేసినోడికి మీగడ పెరుగు, పొద్దెక్కి లేసినోడికి పల్చటి మజ్జిగ!"

కాగితం విప్పాను. మ పేజీ. నాలుగు మాటల తర్వాత కామా ఉంది. ఇంకో నాలుగు మాటల తర్వాత ఆశ్చర్యార్థకం ఉంది. వేలు పెట్టి ఒక్కో కొక్కెం మీదుగా పోయాను. తప్పలేదు. ఇది అవ్వ నా హాస్టల్ నిద్ర మీద అన్న మాట. చేతిలో చల్ల చిలికే గుత్తి పట్టుకుని, తలుపు దగ్గర నిలబడి. ఇప్పుడు ఒడిశా పలుకుతో, గట్టిగా పలకాల్సినవి మెత్తగా పలుకుతూ, ఈ వసారాలో మళ్ళీ వినిపించింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దామె చూసి, "కాఫీ ఉడుకుగా ఉండాదా?" అని నా లోటా అందుకుంది.

అట్లా ఆ పిల్లకు చాలా వాక్యాలే వచ్చు. అత్త మీద ప్రయోగించి చూడటానికి కంఠతా పట్టిందట. 

మరుసటి వారం అన్నీ ఎక్కించాను. ఈసారి తెలుగు గుర్తుపట్టేలా ముందే సరిచేసి, మూడు చోట్ల కాపీలు పెట్టి ఎక్కించాను. కర్నూలు అబ్బాయి తనంతట తానే ఫోన్ చేసి అక్షరాలు సరిగా కనిపిస్తున్నాయని చెప్పాడు.

త పేజీలో ఒక మాట మాత్రం ఇప్పటికీ రాలేదు. తావకూ తెల్లగడ్డకూ మధ్య ఆరు కొక్కేలు. నాయన తిరగలి అన్నాడు. లెక్క సరిపోయింది. కానీ కింద అవ్వ వాక్యం ఒకే ఒక్క చిన్న మాట. దాని చివర ఉన్న ప్రశ్న గుర్తు పోయిన అక్షరానిదో, అవ్వ నిజంగా అడిగిన ప్రశ్నో తెలియదు. తిరగలిని పట్టుకుని అవ్వ ఏమడుగుతుంది? అట్లాగే ఉంచేశాను. చూసినవాళ్ళు ఫోన్ చేసి ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు. ఇప్పుడు నాకు తెలియని నంబర్లంటే ఇష్టం.

ఆరోజు సాయంత్రం సంగతి ఒకటి చెప్పలేదు. నేను బయల్దేరే ముందు బిడ్డ ఏడుపు అందుకుంది. పెద్దామె ఎత్తుకుని అటూ ఇటూ నడుస్తూ, "మో ధనా, మో ధనా, ఏడవద్దురా," అంటూ జోకొట్టింది. ఆ మాట నేనెప్పుడూ వినలేదు. గబగబా కాగితం తీశాను.

"పెద్దమ్మా, మో ధనా అంటే?"

"బిడ్డల్ని ముద్దుగా అనేది. మన మాటే. నీకు తెలీదా?"

ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. అత్త అటు తిరిగాక నా చెవిలో చెప్పింది. ఒడియాలో 'నా బంగారం' అని. బిడ్డ పుట్టినప్పటినుంచీ తాను అంటుంటే విని, అత్త ఆ మాటను ఎప్పుడు ఎత్తుకుందో తెలియదు.

"చెప్పద్దక్కా ఆమెకు," అంది.

చెప్పలేదు. మ పేజీలో చివర చేర్చాను. అర్థం రాశాను. ఏ ఊరి మాట అన్న చోట కార్వేటినగరం దగ్గర అని రాశాను.